మూడో పాసేజీ కష్టంగా ఉంది

(సాయంత్రం, పడకగది. ఆమె డయాలసిస్ వార్డులో నర్సు. అతనికి వీధి చివర జిరాక్స్ షాపు ఉంది. చేతిలో కాగితాలతో అతను షాపు నుంచి ఆయాసపడుతూ వచ్చాడు.)

"ఆగు, ఆగు. ముందు నేను చెప్పేది విను. తప్పు నాదే."

"ఏం తప్పు?"

"ఇవిగో, చూడు. మెషిన్ ట్రేలోనే ఉండిపోయాయి. రేపటి పేపరు తీద్దామని వెళ్ళి చూద్దును కదా, ఇవి నా మొహం చూసి నవ్వుతున్నాయి."

"ఏంటవి?"

"ఏంటవి అంటావేంటి? పాసేజీలు! ఇవాళ్టి ఇంగ్లీషు రీడింగ్ ప్రాక్టీసు పరీక్షలో నువ్వు చదివి జవాబులు రాయాల్సిన మూడు పాసేజీలూ. ప్రశ్నలు ఒక కట్ట, పాసేజీలు ఒక కట్ట తీశాను. ఇంతలో ఎవరో ఇంటి పత్రాలు పట్టుకొచ్చి నెత్తిమీద నిలబడి తొందరపెట్టేసరికి, ప్రశ్నల కట్టకి మాత్రం పిన్ను కొట్టి నీకు తెచ్చిచ్చాను. నాకు బుద్ధుండాలి."

"పోనీలెండి. అవి రేపు చేస్తాను. కాళ్ళు కడుక్కోండి, కాఫీ పెడతాను."

"కాఫీ తర్వాత. కూర్చో."

"ఏంటి?"

"పాసేజీలు లేవు కదా."

"లేవన్నారుగా."

"మరి నువ్వు దేన్ని చదివావు?"

"నేనా?"

"నువ్వే. గంటసేపు. తలుపేసుకుని."

"ఉన్నదాంతో ఏదో... ప్రశ్నల్ని బట్టి ఊహించి రాశాను."

"నలభై ప్రశ్నలకీనా?"

"ఖాళీ వదలొద్దని మీరేగా చెప్పారు. తప్పు రాసినా మార్కులు తగ్గించరు, ఏదో ఒకటి పెట్టెయ్యమని."

"అది ఆఖరి నిమిషంలో, ఇక తోచకపోతే చెయ్యాల్సిన పని! తలుపు తీసి, 'ఏవండీ, ఇందులో పాసేజీలు లేవు' అని ఒక్క మాట అనొచ్చుగా? నేనెక్కడికీ పోలేదే. గుమ్మం బయటే కుర్చీ వేసుకుని కూర్చున్నాను."

"మధ్యలో లేవకూడదన్నారు. అసలు పరీక్షలో లేవనివ్వరన్నారు."

"అసలు పరీక్షలో పాసేజీలు ఇస్తారే తల్లీ!"

"అరవకండి. అత్తయ్య వింటారు."

"విననీ. బయటికొచ్చాక నేనడిగాను, ఎలా ఉందీ అని. ఏమన్నావు?"

"గుర్తులేదు."

"నాకుంది. 'పర్లేదండీ, మూడో పాసేజీ కష్టంగా ఉంది' అన్నావు."

"అన్నానేమో."

"ఏది కష్టంగా ఉంది? ఇదిగో, ఇందులో తేనెటీగల గురించి ఉంది. ఇదేమో ఏదో పాత వంతెన. మూడోది ఇది, మనుషులకి మతిమరుపు ఎందుకొస్తుందని. చూడనైనా చూడని పాసేజీ నీకెలా కష్టమైంది?"

"అలసిపోయి ఏదో అనేశాను. వదిలెయ్యండి."

"వదలను. నీ ఆన్సర్ షీటు షాపులోనే దిద్దాను. పదకొండు కరెక్టు. పాసేజీ మొహం చూడకుండా పదకొండు! మొన్న అన్నీ ముందు పెట్టుకుని రాసినప్పుడు ఎన్నొచ్చాయో తెలుసా? తొమ్మిది."

"అయితే ఇకమీదట పాసేజీలు ఇవ్వకండి."

"నవ్వులాటగా ఉందా నీకు? శనివారం అసలు పరీక్ష, పాసైతేనే విదేశంలో నీకు నర్సు ఉద్యోగం. ఇది మూడోసారి. లిజనింగు దాటావు, రైటింగు దాటావు, స్పీకింగులో అయితే వాళ్ళే మెచ్చుకున్నారు. ఈ ఒక్క రీడింగే మన మెడ మీద కూర్చుని దిగనంటోంది. ఎన్నిసార్లు చెప్పాను? పాసేజీలో ఏముందో అదే జవాబు. నీ మనసులో ఏముందో ఎవడిక్కావాలి అక్కడ?"

"అవును. రోజూ చెప్తారు."

"ఏరా, నీ పెళ్ళాం పరీక్ష అయిపోయిందా? టీవీ సౌండు పెంచుకోనా?"

"పెంచుకోండి అత్తయ్యా. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానే. ఇంతకీ పాసయ్యావా?"

"ఇది ఉత్తుత్తి పరీక్ష అత్తయ్యా."

"ఉత్తుత్తిదానికే ఇంత హడావుడా! దగ్గొస్తే దిండులో మొహం పెట్టి దగ్గుతున్నాను, వీడికి భయపడి."

"అమ్మా, నువ్వు వెళ్ళి టీవీ చూసుకో. వెళ్ళు. ఆ తలుపు దగ్గరికి వెయ్యి."

"వేస్తున్నా, వేస్తున్నా. ఈ ఇంట్లో తలుపులు వేసుకోవడం ఎక్కువైపోయింది."

"చూడు ఇటు. మొన్న కూడా చదవలేదు కదా?"

"మొన్నేంటి?"

"మొన్న. అటు మొన్న. పోయిన వారం. తొమ్మిదీ, పదీ, ఎనిమిదీ. చిన్నపిల్లాడు కళ్ళు మూసుకుని గీసినా అన్ని వస్తాయి. కానీ నాకు బయటికి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించేదే!"

"వినిపించాలనే తిప్పేదాన్ని."

"ఏంటీ?"

"మీరు తలుపుకి చెవి ఆనించి కూర్చుంటారుగా. కాసేపు తిప్పకపోతే దగ్గుతారు. ఇంకాసేపు చూసి, 'నిద్రపోయావా?' అంటారు. అందుకని మధ్యమధ్యలో ఒక కాగితం తిప్పేదాన్ని."

"నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట. మరి లోపల ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు."

"ఫోనా?"

"ఆ గంటసేపూ ఫోను మీ దగ్గరే ఉంటుందిగా."

"అవును, నా దగ్గరే ఉంటుంది. మరి నిద్రపోతున్నావా?"

"లేదండీ. నిద్రపోతే గంట తెలీకుండానే అయిపోతుంది."

"మరి?"

"కూర్చుంటాను. కిటికీ కింద, నేల మీద. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరుతుంటాయి, అవి చూస్తాను. ఒక్కోరోజు అవి కూడా చూడను."

"ఊరికే కూర్చుంటావా?"

"ఊరికే."

"గంటసేపు ఊరికే?"

"చివర్లో ఒక నిమిషం ఆన్సర్లు పెడతాను. ఏ, బీ, సీ, డీ. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. చేతికి ఏదొస్తే అది."

"నేనిక్కడ షాపుకి షట్టరు దించి వస్తున్నాను! గిరాకీ అంతా పక్క వీధికి పోతున్నా సరేలెమ్మనుకుని. వీధిలో పిల్లల్ని బంతాడొద్దని తరిమి తిట్లు తిన్నాను. కుక్కరు పెడితే కూత వినిపిస్తుందని గిన్నెలో అన్నం వండాను. రాత్రిళ్ళు కళ్ళు కాయలు కాసేలా వీడియోలు చూసి, ఏ ప్రశ్నకి ఏ కిటుకో నేర్చుకుని మరీ నీకు చెప్పాను. ఇదంతా నువ్వు గోడకి ఆనుకుని ఎవరింటివో దుప్పట్లు చూడ్డానికా?"

"మీరు చేసినవన్నీ నాకు తెలుసు."

"తెలిసి కూడా ఇలా చేశావా?"

"కాఫీ పెడతానండీ."

"కాఫీ ఒద్దు నాకు! అసలు పరీక్షల సంగతి చెప్పు. ఆ రెండుసార్లూ కూడా ఇలాగే నాటకమాడావా?"

"మొదటిసారి నిజంగానే రాలేదు. ఒట్టు. ఎంతో చదివాను, ఎంతో ఆశపడ్డాను. అర పాయింటులో పోయింది. బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తుంటే మీరు తలుపు కొట్టి కొట్టి బయటికి రమ్మన్నారు."

"ఓదార్చడానికి రమ్మన్నాను!"

"అవును, ఓదార్చారు. అప్పుడే అన్నారు, ఇక నుంచి రోజూ గంటసేపు తలుపేసుకుని ప్రాక్టీసు చెయ్యాలి, ఎవ్వరూ లోపలికి రాకూడదు, ఆఖరికి నేను కూడా రాను అని."

"నీ మంచికే అన్నాను."

"మంచే జరిగింది."

"రెండోసారి?"

"చెప్తే కోప్పడతారు."

"ఇప్పుడేమైనా ముద్దు పెట్టుకుంటున్నానా? చెప్పు."

"రెండోసారి జవాబులన్నీ తెలుస్తున్నాయి. చదువుతుంటే అలా వాటంతటవే కనిపించాయి. వరసగా పెట్టుకుంటూ పోయాను. సగం దాకా వచ్చాక భయమేసింది. వెనక్కి వెళ్ళి రబ్బరుతో చెరిపాను."

"చెరిపావా? కరెక్టు జవాబులు చెరిపావా?"

"అన్నీ కాదు. సరిపడా."

"ఓరి భగవంతుడా. సరిపడా అంట! ఏడాదిన్నరగా మనం విదేశం వెళ్తున్నామని నేను అందరికీ చెప్పుకు తిరుగుతున్నాను. మందపాటి స్వెట్టర్లు కొని అటక మీద పెట్టాను. షాపు ఎవరికి అప్పగించాలో కూడా మాట్లాడుకున్నాను. ఇప్పుడు నలుగురికీ నా మొహం ఎలా చూపించను?"

"మీరు అందరికీ చెప్పారు. నన్ను మాత్రం అడగలేదు."

"అడిగితే ఒద్దనేదానివా?"

"ఏమో. అడగలేదుగా."

"నీ కోసం కాదూ ఇదంతా? అక్కడ నర్సుకి ఉన్న గౌరవం ఇక్కడ ఉందా?"

"ఉండదేమో."

"ఏమో, ఉండదేమో, ఏం లేదు! ఈ మూడు మాటలు తప్ప నీ నోట్లోంచి ఇంకేమీ రాదా?"

"ఏం చెప్పమంటారు?"

"సర్లే. ఏడవకు. నేనూ గట్టిగా అరిచాను. ఇలా చూడు... నాకర్థమైంది. నువ్వు బాగా అలిసిపోయావు. రోజంతా వార్డులో నిలబడి చస్తావు, ఇంటికొస్తే అమ్మ చాకిరీ."

"అత్తయ్యని అనకండి. ఆవిడతో నాకే ఇబ్బందీ లేదు. పిలిస్తే పలుకుతాను, లేకపోతే ఆవిడ లోకం ఆవిడది."

"అయితే వార్డులో పని ఎక్కువైంది."

"వార్డు బాగుంటుందండీ. మెషిన్లు వాటి దారిన అవి తిరుగుతుంటాయి. పేషెంట్లు కళ్ళు మూసుకుని పడుకుంటారు. నన్నెవరూ చూస్తూ కూర్చోరు."

"విశ్రాంతి కావాలంటే నన్నడగాలి కదే. ఆ తలుపేదో నేనే వేసేవాణ్ణిగా!"

"అడిగితే ఎందుకంటారు. తలనొప్పంటే నుదుటికి మందు రాస్తూ కూర్చుంటారు. కాళ్ళు లాగుతున్నాయంటే ఒద్దన్నా వినకుండా కాళ్ళు పడతారు. ఏం లేదంటే, ఏం లేకుండా ఎందుకలా ఉన్నావని పక్కనే కూర్చుని అడుగుతారు. తెల్లారేదాకా అడుగుతారు."

"అంటే పెళ్ళాన్ని ప్రేమగా చూసుకోవడం కూడా నేరమేనా?"

"నేరమని ఎవరన్నారు?"

"మీ వార్డులో నా గురించి ఏమంటారో నువ్వే చెప్పావు."

"'సిస్టర్, మీ ఆయన బంగారం' అంటారు. పొద్దున గేటు దాకా దింపుతారు. మధ్యాహ్నం డబ్బా పట్టుకొచ్చి, ఆఖరి ముద్ద దాకా ఎదురుగా కూర్చుంటారు. సాయంత్రం నేను బయటికొచ్చేసరికి గేటు దగ్గరుంటారు. మధ్యలో నాలుగు ఫోన్లు. ఫోన్ తియ్యకపోతే మా హెడ్ సిస్టర్‌కి చేస్తారు. మీ ఆయనలాంటి మనిషి మాకెందుకు దొరకలేదా అని వాళ్ళందరికీ కుళ్ళు."

"మరి?"

"మరేం లేదు. బంగారమే."

"అలా అనేటప్పుడు ఆ మొహం కాస్త మామూలుగా పెట్టు. చూడు, జరిగిందేదో జరిగింది. నేను మనసులో పెట్టుకోను. నీకు సత్తువ లేక కాదు, చేతకాక కాదు. రెండోసారే అన్నీ తెలిశాయన్నావు. ఈ శనివారం ఒక్కసారి కళ్ళు తెరిచి రాయి. చెరపకు. అంతే."

"పాసైతే ఇక ఈ ప్రాక్టీసు ఉండదుగా?"

"పాసయ్యాక ప్రాక్టీసేంటి, పిచ్చిదానా! హాయిగా ఉంటాం. నేను అన్నీ ఆలోచించి పెట్టాను. మొదట్లో ఒక్క గది చాలు మనకి."

"ఒక్క గదేనా?"

"వంట, పడక అన్నీ అందులోనే. బాగుంటుంది, చూశాను ఫోటోల్లో. నాకు షాపు ఉండదు కాబట్టి పని దొరికేదాకా ఇంట్లోనే ఉంటాను. నువ్వు డ్యూటీకి వెళ్తే దింపుతాను, వచ్చేదాకా అక్కడే ఎక్కడో ఒకచోట కూర్చుంటాను. మనకి తోచకపోవడమనేది ఉండదు."

"అత్తయ్య?"

"అమ్మ మా తమ్ముడి దగ్గరుంటుంది. మాట్లాడేశాను. నిన్ను విసిగించేవాళ్ళు ఎవ్వరూ ఉండరు. టీవీ గోల లేదు, చుట్టాలు లేరు, నీ వార్డు స్నేహితులు ఊరికే ఫోన్లు చేసి పీక్కుతినరు. బయట అంతా చలి. తలుపులు బిగించుకుని లోపల వెచ్చగా కూర్చుంటాం. నువ్వూ నేనూ, అంతే. ఇంకో మనిషి మొహం చూసే పనే ఉండదు. ఏంటలా చూస్తావు?"

"అందుకేనండీ, నేను పాసవ్వకుండా చూసుకుంటున్నది."