మరమనిషి తలవంపు

ఇవాళ్టి పేపరు చూశావా అన్నా? చూళ్ళేదని నీ మొహమే చెప్తోంది. పొద్దుట్నుంచీ ఆ స్క్రిప్టు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఏం చేస్తున్నట్టు మరి? సరే, నేనే చెప్తాను.

మన అంతరిక్షనౌక సీరియల్‌ని ఉతికి ఆరేశాడు ఆ విమర్శకుడు. కంట్రోలు బోర్డు నిండా వాషింగ్ మెషీన్ మూతలేనట. నిజమేలే, రంగేసింది మనిద్దరమే కదా. కెప్టెన్ వేషం వేసిన హీరోగారిది చెక్కమొహమట. డాక్టర్ వేషం వేసినావిడ వేరే గ్రహంవాణ్ణి చూసినా, పాలవాణ్ణి చూసినా ఒకేలా కళ్ళు తిప్పుతుందట.

తర్వాతేం రాశాడో విను. "ఇంతమందిలో మనిషిలా ఉన్నది ఆ మరమనిషి ఒక్కడే. జవాబు చెప్పేముందు తల కాస్త వంచి ఆగుతాడు. ఆ ఒక్క క్షణం కోసం సీరియల్ చూడొచ్చు."

తిట్టడానికైనా అందరి పేర్లూ రాశాడు. నన్ను మాత్రం "ముసుగులో ఉన్నదెవరో గానీ" అని సరిపెట్టాడు. ఎవరో గానీ ఏమిటన్నా? నాలుగేళ్ళు ఈ రబ్బరు తొడుగులో ఉడికాను. టైటిల్స్‌లో నా పేరు విగ్గులవాళ్ళ తర్వాత, అదీ కళ్ళు నులుముకునేలోపు పోతుంది. మా అమ్మాయి ఫోన్లో ఫొటో తీయబోతే మసగ్గా వచ్చింది.

అయినా పొంగిపోయాను, పిచ్చివాణ్ణి. డైరెక్టరుగారు రమ్మన్నారంటే పేపరు మడిచి జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాను. వచ్చే సీజన్‌లో మరమనిషికి ముసుగు తీసేస్తారని తెలిసిందే కదా. ఇన్నాళ్ళకి నా మొహం కనబడుతుందని మా ఆవిడకి చెప్పేశాను. ఆలూ లేదు చూలూ లేదు, నేను మాత్రం పేరు పెట్టేశాను.

ముసుగు తీశాక ఉండేది హీరోగారి బావమరిదట. మొహం కళగా ఉంటుందట. రేపు పదింటికి వస్తాడు, నేను అతనికి ఆ తలవంపు నేర్పాలట. "అది మీ సొత్తండీ, మీరు నేర్పితేనే వస్తుంది" అన్నారు డైరెక్టరుగారు, ఎంతో మర్యాదగా. చెంప వాయించి వీపు నిమిరినట్టుంది నాకు.

కుదరదని చెప్పెయ్యమంటావు, తెలుసు. చెప్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కనిస్తారా? అయినా అది కాదు నా బాధ. నేర్పడానికి నా దగ్గరేం లేదన్నా.

నువ్వు మాకు ఎడమపక్క స్టూలేసుకుని డైలాగు అందిస్తావు. విని మేం అప్పజెప్తాం. మిగతావాళ్ళు ఇట్టే అందుకుంటారు. నేను మాత్రం కుడిచెవి నీవైపు వచ్చేలా తల వంచి, విని, అప్పుడు చెప్తాను. అంతే. ఆ విమర్శకుడు మెచ్చుకున్న క్షణం అదే.

నా ఎడమచెవికి వినబడదు. మొదటి ఏడాది నౌక పేలే సీన్లో నా పక్కనే మందు పేలింది చూడు, ఆ రోజే పోయింది. ఎవరికీ చెప్పలేదు. ప్రాంప్టింగు వినబడనివాడికి వేషం ఎవరిస్తారు? మా ఆవిడైతే నేను తన మాట లెక్కచెయ్యననుకుంటుంది. అనుకోనీ, అదే నయం.

రేపు ఆ మహానుభావుడికి ఏమని చెప్పను? ముందో చెవి పోగొట్టుకుని రా నాయనా అననా? ఏముంది, తల వంచి మూడు దాకా లెక్కపెట్టుకోమంటాను. పేపరువాళ్ళు మెచ్చుకుంటారు. ఈసారి పేరు రాసి మెచ్చుకుంటారు.

ఇందాకట్నుంచీ నీ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఒక్క ముక్క వినబడలేదన్నా. ఇటువైపొచ్చి కూర్చుని, మళ్ళీ చెప్పు.