పథ్యం లేని పూట

హలో… ఆ, అక్కనేరా చిన్నోడా… ఉండు, కుట్టుమిషను ఆపుతాను… ఇప్పుడు చెప్పు.

ఆసుపత్రి నుంచి వచ్చేశారా?… అమ్మ పడుకుందా?… మెలకువగానే ఉందా. సరే.

ఐస్‌క్రీమా?… తనే అడిగిందా?… నిన్న మంచినీళ్లు కూడా గుటక దిగలేదన్నావుగా…

చేసేద్దాం. పొయ్యి వెలిగించే పని కూడా లేదు. మొన్న వచ్చినప్పుడు అరటిపండ్లు కోసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాను… కింద కాదురా, ఐసు గడ్డకట్టే చోట… ఆ, ఆ డబ్బానే. రాళ్లలా ఉన్నాయా? ఉండాలి మరి. కాసేపు బయట ఉంచు, లేకపోతే మిక్సీ మొరాయిస్తుంది.

మీగడ పెరుగు రెండు గరిటెలు వెయ్యి… ఖర్జూరాలు వద్దులే, పీచు గొంతుకి అడ్డం పడుతుంది… తెలుసు, ఎప్పుడూ అవే వేసేదాన్ని. ఇప్పుడు వద్దు.

చిన్నోడా, డాక్టరుగారు ఏమన్నారు?

…షుగరు ఎంతుందని కాదు నేనడిగేది. ఏమన్నారు?

…

ఇంక మందులేవీ రాయలేదా?… ఒక్క నొప్పికేనా…

ఏది అడిగితే అది పెట్టమన్నారా.

…

లేదు… ఉన్నాను. లైన్‌లోనే ఉన్నాను.

…ఒరేయ్, గట్టిగా ఏడవకు. గదిలోకి వినపడుతుంది. తువ్వాలు అడ్డం పెట్టుకో… ఆ… ఏడువు, కానీ మెల్లిగా…

పంచదార ఇప్పుడెక్కడ పెడుతోంది మీ ఆవిడ?… అవునురా, పంచదారే… అమ్మకి పడదని నాకు తెలీదా? షుగరు వచ్చిన దగ్గర్నుంచీ ఆ డబ్బా అటక మీద దాచింది ఎవరు? కాఫీలో చెంచా ముంచితే చెయ్యి పట్టుకుంది ఎవరు?… నేనే కదా. ఇవాళ వెయ్యమంటున్నదీ నేనే. వెయ్యి.

…ఇంకో చెంచా. పిసినారిలా చల్లకు.

మూత గట్టిగా నొక్కి తిప్పు, లేదంటే గోడలకి సున్నం కొడతావు…

…వెన్నలా అయిందా? పట్టుకెళ్లు. తలకింద ఇంకో దిండు పెట్టు. అర చెంచా చాలు. మింగమని తొందరపెట్టకు, నాలుక మీద అదే కరుగుతుంది… ఫోను నా మాట వినపడేలా పక్కన పెట్టు.

అమ్మా… నేను… ఆ, పెద్దదాన్నే. చల్లగా ఉందా?… నెమ్మదిగా, నెమ్మదిగా… ఏమంటున్నావమ్మా?

…ఇన్నాళ్లూ ఇంత బాగా ఎందుకు చెయ్యలేదంటావా…

చేతకాలేదమ్మా.

…ఆ… తిట్టు, పర్లేదు… తిట్టమ్మా…

చిన్నోడా?… చాలందా. ఎంత తింది?… మూడు చెంచాలా. మంచిదే. బలవంతం పెట్టకు, మూతి తుడువు.

…చేత్తో ఏం చూపిస్తోంది?… గిన్నె నీవైపు తోస్తోందా…

తినరా… పొద్దుట్నుంచీ నువ్వు ఏమీ తినలేదని కనిపెట్టేసింది… నిలబడి కాదు. మంచం మీద, పక్కనే కూర్చో… దిగకపోయినా దింపుకో. అమ్మ చూస్తోంది.

…దుకాణం మూసేస్తున్నాను. దొరికిన బస్సెక్కి వచ్చేస్తా… మాట్లాడకు, ముందు తిను…

పెట్టేస్తున్నా.