విప్పితె యాడికి పోతడు?

కూసో బిడ్డా, కూసో. ఎందుకట్ల ఉరికొస్తివి, జర దమ్ము తీస్కో. నీ బ్యాగు యాడికీ పోదు. వాడు దొంగ గాదు, నా మనుమడు, జాషువా. మాట రాదు వానికి, చిన్నప్పటి సంది రాలే. బస్సు కాడ బ్యాగులందుకునుడు వాని అలవాటు. నా ఎనక గోడకు మొల ఉన్నది చూడు, దానికి తగిలిచ్చిండా? ఆఁ, ఉన్నది గదా. మరింకేం ఫికర్? పక్కకు కూసోకు, ఇటు నా ముందట్కి రా. నా మెడ తిరగది. మా ఊరి బోరుల ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఎప్పుడో బిగుసుకపోయింది, పక్కకు జూడాల్నంటె మనిషినంత తిప్పాలె. ఇప్పుడు నల్లా నీళ్లు మంచియే వస్తున్నయి గని, నా బొక్కలకేం ఫాయిద? ఏసోబు తాత అంటరు నన్ను. నువ్వెవ్వలు? బ్యాంకు మేడమా? ఉండు, అది తర్వాత చెప్పు, ముందుగాల నాకొకటి సమజైతలేదు. ఊరోళ్ల బ్యాగులైతే వాడు మోసుకపోయి ఎవ్వలిది వాళ్లింట్లనే పెడతడు, వాళ్లు నడిసొచ్చే లోపట్నే. ఊరంత వానికెరికే. కొత్తోళ్లయి ముట్టనే ముట్టడు. నిన్ను ఈ ఊర్ల నేనైతే ఎన్నడూ జూడలే. మరి నీ బ్యాగెందుకు పట్టిండు? పట్టిండు పో, మా ఇంటికెందుకు తెచ్చిండు? గా మొలకు ఒక్కామె బ్యాగే తగిలిచ్చెటోడు. ఆమె పొయ్యి నాలుగేండ్లు దాటింది.

ఎవ్వలంటవా, సుచరిత టీచర్. నల్లగొండామె. మామూలు బడి టీచర్ గాదు. మర్రిగూడల గిసొంటి పిల్లల సెంటర్ ఉన్నది, గాడ జెప్పేది. బడికి రాలేని పిల్లలుంటె శనివారం శనివారం ఇంటికే వచ్చేది. ఫస్టు వచ్చిననాడు నాకు మస్తు నవ్వొచ్చింది. మాట రానోనికి ఏం జెప్తదమ్మా గీమె, అ ఆలా? "గీ పనికి జీతమిస్తరా అమ్మా?" అని మొకం మీదనే అడిగిన. నాకు దాచుకునుడు రాదు. ఆమె ఏమన్నదంటవు, "ఇస్తరు తాతా, అప్పుడప్పుడు" అన్నది. నవ్వెటామె. నవ్వితే పెద్దగ నవ్వేది, పక్కింటోళ్లు తొంగి జూసేటట్టు.

అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాది అయితాందేమో. పోరడు ఏడేండ్లోడు. మంచం కోడుకు కట్టేసి ఉన్నడు. గట్ల జూడకు నన్ను. కట్టేస్తిమి, ఔ. మా కోడలి పాత చీర మెత్తగుంటదని పీలిక చింపి, నడుముకు కట్టినం. మరేం జెయ్యాలె? విప్పితే ఉరుకుడే ఉరుకుడు. మా చుట్టుముట్టు ఎండిపొయిన బోరు బొందలు ఎన్నుంటయో నీకేం ఎరిక, ఒక్కదానికి మూత లేకుండె. నా కొడుకు డానియల్ చౌటుప్పల్‌ల మందుల కంపెనీల పని జేస్తడు, వారానికోపారి వస్తడు. కోడలు కూలికి పోతది. నేనా, గీ బొక్కలతోటి వాని ఎనక ఉరుకుతనా? పానంతోటి ఉంటె సాలని కట్టినం. టీచర్ కట్టిన పీలికను జూసింది. ఇగ తిడతది, పోలీసోళ్లకు జెప్తదనుకుంటి, నేను గూడ నాలుగు మాటలు నోట్ల తయ్యారు జేసుకొని కూసున్న. ఆమె తిట్టలే. కింద కూసుండి, "విప్పితె యాడికి పోతడు తాతా?" అన్నది.

"ఉరుకుతడమ్మా." "అదే, యాడికి?" "యాడికేంది, రోడ్డు దిక్కు." "రోడ్డు మీద యాడికి?"

కోడలు దిక్కు జూసిన, ఆమె నా దిక్కు జూసింది. ఏడేండ్ల పోరడు, మా ఇంట్ల పుట్టినోడు, యాడికి ఉరుకుతడో మా ఇంట్ల ఒక్కలికీ తెల్వది! ఎట్ల తెలుస్తది చెప్పు? ఎప్పుడు ఉరికినా నడిమిట్లనే పట్టుకొచ్చినం గదా. ఆఖరికి చేరనిచ్చిందెవ్వలు? "విప్పుదాం, ఎనక పోదాం, చూద్దాం" అన్నది టీచర్. నాక్కూడ ఏందోలే ఒకటి మనసుల పడ్డది, చిన్న పోరని లెక్క. నిజంగ యాడికి పోతడు వీడు? కట్టె పట్టుకొని నేను, చెప్పులు చేతుల పట్టుకొని ఆమె. ముందట వాడు. ఊరోళ్లంత, "ఏమాయె ఏసోబూ, ఎటు ఊరేగింపు?" అని ఒకటే నవ్వుడు. నవ్వుకోన్రి పోన్రి అన్న. వాడు బోరు దిక్కు పోలే, బాయి దిక్కు పోలే. సక్కగ బస్సు మర్లే జాగకు పొయ్యి నిలవడ్డడు. బస్సు ఇంకా రాలే, సప్పుడు గూడ లేదు. నిలవడ్డడు. నాకైతే ఏం వినరాలే, వాని కాళ్లకు తెలిసిందో ఏందో. అంతల బస్సొచ్చింది. వచ్చి ఆగంగనే రెండు చేతులు బస్సు రేకుకు ఆనిచ్చి, కండ్లు మూసుకొని నవ్విండు బిడ్డా. మా ఇంట్ల వాడు నవ్వంగ నేను జూడలే అప్పటి దాంక. డ్రైవర్ లొల్లి, "ఓ మేడం, టైర్ కింద పడితె నా నౌకరి పోతది!" అని. టీచర్ ఇన్లే. ఆమె గూడ పొయ్యి చెయ్యి పెట్టింది. "తాతా, నువ్వూ పెట్టు" అన్నది. పెట్టిన. ఇంజన్ గర్రు గర్రుమని అరచేతుల నుంచి మోచెయ్యి దాక ఎక్కింది. మస్తనిపిచ్చింది, అబద్ధమెందుకు.

పోవుడు తెలిసింది గని, మర్లి వచ్చుడు తెల్వది వానికి. బస్సు కదిలితె దానెంట ఉరికెటోడు. గది అసలు కష్టం. టీచర్ ఏం జేసిందంటె, బస్సు దిగంగనే తన బ్యాగు వాని చేతుల పెట్టేది. దాంట్ల ఓ డబ్బ, డబ్బల చింతగింజలు. నడిస్తే గలగలమనాలె. చేతులకు గలగల తగిలితె వానికి పానం లేసొస్తది, గందుకని. ఎంబడే నేర్సుకున్నడా? యాడిది! ఇసిరి కొట్టిండు, ఒకపారి మోరీల ఏసిండు, గింజలన్ని రోడ్డు పాలు. ఆమె కూసుండి ఏరుకుంటుంటె మా కోడలికి సిగ్గయ్యేది. ఏడాది మీదనే పట్టింది. వచ్చినంక బ్యాగు గా మొలకు తగిలిచ్చుడు, మూలకున్న సాప తెచ్చి దాని కింద పరుసుడు, ఆమె కూసుంటె ముందట కూసునుడు. గంతే ఆమె సదువు. సాప మీద పూసలు గుచ్చుడు, గిన్నెల నీళ్లు పోసుడు, ఏందేందో ఆటలు. కట్టుడు ఎప్పుడు బందు వెట్టినమో యాదికి లేదు. గా పీలిక ఏమాయెనో గూడ తెల్వది. తర్వాత ఊరోళ్ల బ్యాగులు గూడ పట్టుడు షురూ జేసిండు. ఒకామె దొంగ దొంగ అని చెంపకు కొట్టింది కూడా. ఇంటికి పొయ్యి జూస్తె అరుగు మీద ఆమె సంచి ఉన్నది. ఇప్పుడు గా ఆమెనే ముందుగాల ఇస్తది. బస్సు టికెట్ లేదాయె ఆడోళ్లకు, దిగెటోళ్లు పెరిగిన్రు, వీని కొలువు పెరిగింది.

కరోనా రెండోపారి వచ్చినప్పుడు పోయింది ఆమె. నల్లగొండ దవాఖానల. మాకు ఫోన్‌ల చెప్పిన్రు. బస్సులు గూడ బందుండె అప్పుడు. ఉత్త జాగ కాడ పొయ్యి నిలవడెటోడు వీడు. వానికెట్ల చెప్పాలె బిడ్డా? నోటితోటి చెప్పినం. సైగ జేసినం. పాస్టర్ వచ్చి నెత్తి మీద చెయ్యి వెట్టి ప్రార్థన జేసిండు. మా మేకపిల్ల సస్తె, దాన్ని ఎత్తుకొచ్చి సూపెట్టిన, టీచర్ గూడ గిట్లనే అయ్యింది రా అని. వాడు మేకపిల్లను జూసిండు. నిమిరిండు. లేసి బస్సు కాడికి పోయిండు. నాకు ఏడ్పొచ్చింది, ఏడ్సిన. గా సాపను మాత్రం ఎవ్వల్నీ ముట్టనియ్యడు. కోడలు ఊడ్సెటందుకు జరిపినా ఒర్లుతడు. చుట్టి మూలకు పెట్టిందే, పరిసింది లేదు.

నేను రోజు అనుకుంట, వాడు పోయేది బస్సు కోసమా, ఆమె కోసమా? ఆమె లేదని ఎరికేనా వానికి? ఎవ్వలినడగాలె? ఏదీ, లేసి నీ బ్యాగు జర ఊపు. తియ్యకు, గట్లనే ఊపు... ఆఁ! గదే, గలగలమంటాంది! ఏమున్నయి దాంట్ల? కట్టె పూసలా? పూసలెందుకు నీకు? పిల్లలకా? ఎసొంటి పిల్లలకు?... మర్రిగూడ సెంటర్‌కా! కొత్తగ ఇచ్చిన్రా నీకు? ఓ తల్లీ, మొదలే చెప్పొద్దా, నేను బ్యాంకు మేడం అనుకుంటి గదా. పేరేంది? స్నిగ్ధ. నా నోరు తిరగది గని, అడుగుత చెప్పు. సదువుకున్నదానివి. ఎరికేనా వానికి, ఆమె లేదని?... నీకు గూడ తెల్వదా. మంచిదే. ఆమె గూడ తెల్వదనే అనేది ఫస్టు. తెల్వది తాతా, చూద్దాం అని.

ఆగు. నా ఎనక ఏందో సప్పుడైతాంది. నాకు కానరాదు, నువ్వు జూసి చెప్పు, ఏం జేస్తుండు వాడు? ఏందీ? సాపా? పరుస్తుండా? మొల కిందనేనా, సక్కగ చూసి చెప్పు...

లే బిడ్డా. నా ముందట్నించి లే. పొయ్యి గాడ కూసో.