ఆకు చాటు కాయ

ఎండు తెగులుకు టమాటా తోటంతా పోయింది. పచ్చగా మిగిలిన ఒక్క మొక్క దగ్గర మామా కోడళ్లు కూర్చున్నారు.

"దేవుడు దీన్నొక్కదాన్నే ఎందుకు కాపాడాడమ్మా?"

"దీని పుట్టుకలోనే ఏదో మార్పు వచ్చింది మామయ్యా. అందుకే తెగులును తట్టుకుంది."

"తోటంతా ఇలాంటి మొక్కలే కావాలంటే ఎన్నాళ్లు పడుతుంది? వచ్చే ఏడూ ఇలాగే పోతే సాగు మానుకోవాల్సిందే."

"విత్తనం దాచి నాటుకుంటూ పోతే నాలుగైదు పంటలు. దాని మానాన వదిలేస్తే ఎన్ని తరాలో చెప్పలేం. అసలు మొదట్లోనే అంతరించిపోవచ్చు."

"అంత మంచి గుణం ఎలా అంతరిస్తుంది?"

"ఉన్నది ఒక్క మొక్కేగా! ఎవరో కాయలు కోసి వండేస్తే చాలు... ఏంటి మామయ్యా, అలా అయిపోయారు?"

"పొద్దున కూరలోకి నేనే కోసిచ్చానమ్మా."

"అన్నీనా?"

"ఆకు చాటున ఒకటుంది. పచ్చిదని వదిలేశాను."

"అది పండేదాకా దాని మీద చెయ్యి వెయ్యకండి."

"చెయ్యా? నా కుర్చీ ఇక్కడే వేయించు తల్లీ."