బీరువా అద్దం

హలో… ఆ, నేనే అక్కా… గట్టిగా మాట్లాడలేను. బాత్రూంలో ఉన్నా. బావకి వినపడకుండా కొళాయి తిప్పాను.

…పడుకున్నాడు. బోర్లా. నడుం కింద అంత గుంట పెట్టుకుని ఇంకెలా పడుకుంటాడు?

…కుట్లు వెయ్యలేదు. వెయ్యరు. గడ్డ కోసిన చోటు లోపల్నుంచి పూడాలట. నీకూ చెప్పారుగా ఆస్పత్రిలో… ఆ, నిజమే. నువ్వప్పుడు వాంతి చేసుకుంటున్నావు. పొద్దున కోసి సాయంత్రానికి పంపేశారు. ఇంట్లో అయితే హాయిగా కోలుకుంటాడట. హాయి వాళ్లకి.

…నేనే. మరెవరు? రోజూ నిన్న పెట్టిన గుడ్డ లాగాలి, కొత్తది కూరాలి.

…వినలేవా? నేను చూస్తున్నా. లాగుతుంటే అంటుకుని వస్తుంది అక్కా, తడిగా, పచ్చగా… ఆ వాసన… ఏది నోట్లో పెట్టుకున్నా అదే. కళ్లజోళ్లు తుడుచుకుని బతికేవాణ్ణి. దుకాణం మూసుకుని ఇదీ నా పని.

…మెచ్చుకోకు. నీ మీదా అసహ్యమేస్తోంది, చెప్తున్నా. నీకు జలుబట, ఆయనకి అంటుకుంటుందట. చిన్నక్క ఇంట్లో దూరి కూర్చున్నావు.

—సరే, సరే. ఆ సంగతి వదిలెయ్. నేను ఫోన్ చెయ్యమన్నది తిట్టడానికి కాదు.

…ఇవాళ గుడ్డ మారుస్తుంటే అడిగాడు, "డాక్టరు మీ అక్కని పక్కకి పిలిచి ఏం చెప్పాడ్రా?" అని.

…ఏమీ చెప్పలేదని నాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? నువ్వేమో మాయమయ్యావు. ఫోన్ మోగితే చాలు, నేనిలా బాత్రూంలోకి దూరతా. పైగా… మంచానికి ఎదురుగా బీరువా అద్దం ఉంది కదా. నేను గమనించలేదు. మొహం అటు పెట్టి, రోజూ నన్నే చూస్తున్నాడు అందులో.

…నా మొహమా? ఎలా ఉంటుంది? ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుని… కంపుకి పెట్టిన మొహం అది. చావు కబురు దాస్తున్న మొహం అనుకున్నాడు.

…చెప్పాను. మామూలు గడ్డే బావా అన్నా. తలూపాడు. "మంచివాడివిరా" అన్నాడు. నన్ను. మీ పెళ్లయిన దగ్గర్నుంచి దద్దమ్మ తప్ప ఇంకో పేరు పెట్టి పిలవనివాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి నా చేతికిచ్చాడు. ఫ్రేము గట్టిదట, ఎవరికైనా పనికొస్తుందట.

…అందుకే. నేనెంత చెప్పినా నమ్మడు. నువ్వు చెప్పాలి… జలుబని కాదక్కా. కంపని. ఆ పుండు చూడలేక పారిపోయానని.

…నొచ్చుకుంటాడు. నొచ్చుకోనీ. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాం ఇద్దరం.

…మొగుడి పుండుని అసహ్యించుకుంటే తప్పా? ఏమో. నా చేతులు దాన్ని కడుగుతూనే ఉన్నాయి, మొహం చిట్లిస్తూనే ఉన్నా. రెండూ నిజమే. నిన్ను రమ్మనట్లేదు. గుడ్డ నేనే మారుస్తా. ఆ ఒక్క మాట నువ్వు చెప్పు.

—వస్తున్నా బావా… ఆ, అక్కే… ఏమీ దాచట్లేదు. నువ్వే మాట్లాడు.

అక్కా, ఆయన దగ్గరికి తెస్తున్నా… ఏడవకు. నువ్వేడిస్తే ఇక ఖాయమనుకుంటాడు… ఊహూ, ముందు ఎలా ఉన్నారని అడక్కు. "ఛీ" అని మొదలుపెట్టు.

ఇదిగో బావా, పట్టుకో.