మూడు పూటలు పిండి చూసిన ఇల్లు

బేరగాడు అంకయ్యంటే ఆ చుట్టుపక్కల పశువుల సంతల్లో తెలీనోడు లేడంట. ఎవరన్నా బర్రెని కొనాలంటే ముందు అంకయ్య రావాల. ఆయనొచ్చి దాని మూతి ఎత్తి పళ్ళు జూసి, ఎనక్కి పొయ్యి పొదుగు తడిమి, ఒంటిమీద సుడులు యాడున్నయ్యో జూసి, ఇది మూడో ఈత, ఎడమ చన్ను మందం, కొత్త మనిషిని తన్నుద్ది అని చెప్పాడనుకో, అది తన్నాల్సిందే. అట్టాంటి మనిషి. భుజాన ఎప్పుడూ ఒక కొత్త పలుపుతాడు ఏలాడతా ఉండేది. ఎందుకంటే మన వైపు గొడ్డుని అమ్మినోడు పలుపియ్యడు గదా, కొన్నోడే తెచ్చుకొని కట్టుకోవాల. ఆ కొత్త పలుపు మెళ్ళో పడిందా, ఇంక బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత కొన్నోడు వొద్దన్నా కుదరదు, అమ్మినోడు ఇయ్యనన్నా కుదరదు. సంత కట్టుబాటు అది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండమ్మా, మళ్ళీ పనొస్తది.

ఇంత బేరగాడికి సొంతిల్లు లేదు. నవ్వమాకండి, నిజం. ఊళ్ళో గొడ్లన్నిటికీ కొట్టాలు కుదిర్చి పెట్టాడు గానీ తను మాత్రం అద్దిళ్ళల్లోనే బతికాడు. ఒకటి గాదు రెండు గాదు, పద్నాలుగు ఇళ్ళు మారారంట. ఆయన పెళ్ళాం ఆదెమ్మ. ఆమెకి పుట్టింటోళ్ళు ఒక నల్లరాతి రోలిచ్చారు. మంచి రోలు, నున్నగా, లోతుగా. రోలంటే ఏంది, నేలలో పాతితేనే గదా అది కదలకుండా నిలబడేది. అద్దింట్లో నేల తవ్వనిస్తారా ఎవరన్నా? ఇయ్యరు. అందుకని ఆ రోలు పద్నాలుగు ఇళ్ళల్లోనూ పైపైనే నిలబడింది. ఆదెమ్మ ఒక కాలు దానికి అదిమిపెట్టి, ఒక చేత్తో అంచు పట్టుకొని, ఇంకో చేత్తో రోకలెత్తి కారం దంచాల. అది అటు వొరిగేది, ఇటు వొరిగేది, కారం ఎగిరొచ్చి కళ్ళల్లో పడేది. ఇల్లు మారినప్పుడల్లా బండి మీద ముందు రోలు, ఆ తర్వాతే అంకయ్య. "నాకు మేడలొద్దు, మిద్దెలొద్దు. ఈ రోలు యాడ పాతుకుంటే అదే నా ఇల్లు" అనేదంట ఆదెమ్మ.

చివరికి ఏమైందంటే, పద్నాలుగో ఇంటాయన కూడా ఖాళీ చెయ్యమన్నాడు. ఆదెమ్మ ఇంక ఊరుకోలా. "ఇదుగో, ఈసారి సొంతిల్లు కొన్నావా సరే. లేదా నేనూ నా రోలూ మా అక్కకాడికి పోతాం, నువ్వు సంతలో గుంజకి కట్టేసుకో నిన్ను" అంది. అంకయ్య దిగొచ్చాడు. మొగుడూ పెళ్ళాం ఇళ్ళు జూట్టానికి బయల్దేరారు. ఏ ఇల్లు జూసినా ఆయనకి బర్రె లాగే కనపడేదంట, ఏం జేద్దాం. ఒక ఇంటి ద్వారబంధం ఏలితో కొట్టి జూసి, "దీనికి పళ్ళు ఊడినయ్యి, ముసలిది" అన్నాడు. ఇంకోదానికి సుడి బాలేదన్నాడు. ఇంకోటి మంచిదే, పెంకుటిల్లు, చల్లగా ఉంది, దానికేమో "ఇది మరీ మెత్తగుంది, ఏదో రోగం దాస్తన్నారు" అన్నాడు. ఆదెమ్మ పళ్ళు కొరుక్కుంటా ఎనకమాల నడుస్తానే ఉంది.

అట్టా తిరిగి తిరిగి ఏనుగచెరువు పొయ్యారు. ఏనుగచెరువు పల్లే గాదు, పట్నమూ గాదు. బస్టాండుంది, ఒక సినిమాహాలుంది, నాలుగు బజార్లున్నయ్యి, బజార్లయిపోయిన కాడ చెరువు. చెరువంటే మామూలు చెరువు గాదు, అవతల గట్టు కనపడదు. ఆ చెరువు ఒడ్డున లస్కరు మాలకొండయ్య ఇల్లు అమ్మకానికి పెట్టాడంట. లస్కరంటే తెలుసు గదా, చెరువు తూము తలుపులెత్తి పొలాలకి నీళ్ళొదిలేవాడు. అంకయ్యకి పాత ఎరుకే. ఆయనకి బర్రెని ఇప్పించింది మన అంకయ్యే. అప్పుడు తమాషా ఏంటంటే, దాన్ని అమ్మినోడు తెల్లారి ఏడుస్తా వచ్చాడంట, నాకు ఇంతకన్నా మంచి బేరం తగిలింది, నా బర్రెని నాకియ్యమని. మాలకొండయ్య సంతంతా ఇనపడేట్టు "పలుపు పడిందిరా, పో" అని తరిమాడు. ఇదీ గుర్తుపెట్టుకోండి. అన్నీ గుర్తుపెట్టుకోమంటే ఎట్టా అంటావా? చేట ముందేసుకొని కాయలొలిచే చేతులు వేరు, వినే చెవులు వేరు, ఒలవ్వే తల్లీ.

ఇల్లు బాగుంది. ముందు బజారు, ఎనకమాల పెరడు, ఆ పెరడు జారుకుంటా పొయ్యి చెరువు జమ్ములో కలిసిపోద్ది. నీటికోళ్ళు పెరట్లోకే నడుచుకుంటా వస్తన్నయ్యి. ఆదెమ్మ ఎనక వాకిట్లో నిలబడింది, చెరువు గాలి మొహాన కొట్టింది, అంతే. ఇది నా ఇల్లు, ఇంక నేనెక్కడికీ పోను అనిపించిందంట. ఆ సంతోషం మొహాన కనపడితే మొగుడు అనుమానపడతాడని మొహం ముడుచుకొని నిలబడింది, పాపం. అంకయ్య ముందు వాకిట్లో బావి జూస్తన్నాడు. బావి నిండుగా ఉంది. "చెయ్యి పెడితే అందుతయ్యి నీళ్ళు" అన్నాడు మాలకొండయ్య గొప్పగా. పక్కనే సిద్ధాంతి గారు కూడా ఉన్నాడు, ఆ ఇంటికి వాస్తు చెప్పింది ఆయనే. "ఈశాన్యంలో బావి. నేనే ముగ్గు పోసి తవ్విచ్చా" అన్నాడాయన. అంకయ్య బావిలోకి జూశాడు, మాలకొండయ్య మొహంలోకి జూశాడు, మళ్ళీ బావిలోకి జూశాడు. మరీ నిండుగా ఉన్న పొదుగుని జూస్తే బేరగాడికి నిద్ర పట్టదు గదా. ఇల్లు ఇంతకి ఇస్తానని ఆయన, అంతకే తీసుకుంటానని ఈయన, మాటయితే అయ్యింది. "కానీ మూడు పూటలు పిండి జూడందే నేను ఏ గొడ్డునీ కొనను" అన్నాడు అంకయ్య. "ఇది ఇల్లయ్యా!" అన్నాడు మాలకొండయ్య. "అయితే ఏంది, మూడు పూటలు కాపరముండి జూస్తా. గొడ్డుకొక న్యాయం, ఇంటికొక న్యాయమా?" బజారంతా నవ్వింది. నలుగుర్లో కాదంటే ఏదో దాస్తన్నాడంటారని మాలకొండయ్య తాళంచెవి తీసి అంకయ్య చేతిలో పెట్టి, పెళ్ళాన్ని తీసుకొని బావమరిదింటికి పొయ్యాడు.

మర్నాడు పొద్దున్నే బండి దిగింది. దాంట్లో రెండు గిన్నెలు, ఒక చాప, రోలు. "మూడు పూటలకి రోలెందుకే?" అన్నాడు అంకయ్య. "బర్రెని జూట్టానికి పోతా నువ్వు పలుపెందుకు ఏసుకుపోతావు?" అంది ఆదెమ్మ. అంకయ్య బొక్కెన తీసుకొని బావి కాడికి పొయ్యాడు. ఇంక చూస్కో, చేదటం మొదలుపెట్టాడు. తనకి స్నానం, బండెద్దులకి స్నానం, బండికి స్నానం, ఇంటికి స్నానం. దారిన పొయ్యేవాళ్ళని పిలిచి కాళ్ళు కడుక్కోమన్నాడంట. మొదటి పూట నీళ్ళు బాగానే వచ్చినయ్యి. సాయంత్రం రెండో పూటకి చేంతాడు సగం లోపలికి పొయ్యింది. అంకయ్య మీసం కింద నవ్వు దిగింది. ఆ నవ్వు ఆదెమ్మకి తెలుసు. గొడ్డులో లోపం దొరికినప్పుడు నవ్వే నవ్వు. మళ్ళీ రోలు బండెక్కించాల్సిందే అనుకుంది. అయిపోయింది, ఈ ఇల్లూ పొయ్యింది.

రెండో రోజు పొద్దున, మూడో పూట. మాలకొండయ్య, సిద్ధాంతి గారు ఇద్దరూ వచ్చారు. అంకయ్య బొక్కెన వదిలాడు. అది పొయ్యి పొయ్యి రాతికి తగిలి ఠంగుమంది. మళ్ళీ వదిలాడు, మళ్ళీ ఠంగు. "మాలకొండయ్యా, ఎన్నాళ్ళు పిండకుండా ఆపావు?" అని మెల్లిగా అడిగాడు. సంతలో దొంగపని ఒకటుంది గదా, ముందురోజు పాలు పిండకుండా ఆపేస్తే అమ్మే పూటకి పొదుగు ఉబ్బి కనపడుద్ది. అదే పని ఈయన బావికి జేశాడు. మాలకొండయ్య తల దించుకొని, "పది రోజులు. మా ఇంటిది చెరువు నుంచి కడవలు మోసింది. రాతి మీద బావయ్యా, ఊట లేదు. చెరువు తూము తాళం నా చేతిలో పెట్టుకొని ఇంట్లో కడవ నీళ్ళు లేవని అది రోజూ పెట్టే పోరుకే ఇల్లమ్ముతున్నా" అన్నాడు.

ఇక్కడ ఇట్టా జరుగుతా ఉంటే పెరట్లో ఆదెమ్మ ఏం జేస్తందో తెలుసా? ఠంగుమన్న చప్పుడు ఇనింది. ఏడుపొచ్చింది. ఇల్లు ఎట్టాగూ పోద్ది, ఒక్క పూటన్నా నా రోలు నేలలో పాతి, రెండు కాళ్ళ మీద నిలబడి, రెండు చేతులా రోకలి పట్టుకొని ఒక్క గిద్దెడు కారం దంచుకొని పోతా అనుకుంది. గునపం తీసుకుంది. యాడ తవ్వాల? చెరువు కనపడే కాడ. ఈశాన్యం, ఆగ్నేయం ఆమెకి తెలీవు. కొట్టింది, కొట్టింది. ఏడుస్తా కొట్టింది. మోకాలి లోతు వచ్చేసరికి అడుగున తడి. ముందు తన చెమటేమో అనుకుందంట, పిచ్చిది. ఇంకో గునపప్పోటు ఏసింది, నీళ్ళు బుగ్గలాగా ఊరినయ్యి. ఆమెకి ఆశ పుట్టింది. ఇంక ఆగలా, నడుం లోతు తవ్వి, బురద కాళ్ళతో పైకొచ్చి "ఏమయ్యోవ్, ఇట్రా!" అని కేక పెట్టింది.

అవతల అంకయ్య నోరు తెరిచి "నాకొద్దు" అనబోతన్నాడు. 'నా' దాకా వచ్చాడంట. ఆ కేకకి మిగతాది మింగేసి పెరట్లోకి పరిగెత్తాడు, ఎనకాల వాళ్ళిద్దరూ. చూస్తే గుంట నిండా నీళ్ళు. అంకయ్య కళ్ళు మెరిసినయ్యి. "కొన్ని గొడ్లు ఒక చేతికి పాలు చేపవు, ఇంకో చేతికి చేపుతయ్యి" అని తనలో తను అనుకొని, బేరగాడు గదా, పైకి మాత్రం మొహం చిట్లించి "ఛీ, చిత్తడి నేల, గోడలు నిలబడవు" అన్నాడు. కానీ అవతలున్నది లస్కరు. ముప్పై ఏళ్ళు నీళ్ళతో బతికినోడిని చిత్తడని మభ్యపెట్టగలమా? మాలకొండయ్య వొంగి దోసిలి పట్టి తాగాడు. తియ్యటి నీళ్ళు. సిద్ధాంతి గారేమో "నైరుతిలో గుంట! నైరుతిలో గుంట! ఎంత అనర్థం!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "నోరు ముయ్యవయ్యా" అన్నాడు మాలకొండయ్య, "నీ నైరుతి మాట పట్టుకొనే గదా ఇన్నేళ్ళూ ఈ పక్కన గునపం దించలా! చెరువు ఇటు పెట్టుకొని అటు రాతిలో బావి తవ్విచ్చావు! అంకయ్యా, నా తాళం నాకియ్యి. నేను ఇల్లమ్మను."

అంకయ్యకి బేరం చెయ్యి జారింది. జీవితంలో మొదటిసారి. బయానా ఇవ్వలా, కాయితం రాయలా, నోటిమాటే గదా ఉంది. తాళంచెవి తీసి ఇవ్వబొయ్యాడు కూడా. ఆదెమ్మ జూసింది. మొగుడి చెయ్యి జూసింది, ఆ తాళంచెవి జూసింది, గుంట గట్టు మీద నిలబడ్డ తన రోలు జూసింది. పుట్టింటి రోలు. పద్నాలుగు బండ్లు ఎక్కి దిగిన రోలు. గునపం రోలు కిందికి దూర్చి, కళ్ళు మూసుకొని ఒక్క తోపు తోసింది. గుబుక్కున దిగబడింది గుంటలో. నీళ్ళు ఎగిరొచ్చి సిద్ధాంతి గారి పంచె మీద పడ్డయ్యి.

"పడింది పలుపు" అంది ఆదెమ్మ.

"రోలు పలుపెట్టా అవుద్దమ్మా?" అన్నాడు మాలకొండయ్య. "ఇల్లు బర్రె ఎట్టా అయ్యిందో అట్టానే అన్నా. మూడు పూటలు పిండి జూసుకోమని తాళం ఇచ్చింది నువ్వే. ఇంతకి ఇస్తానని నలుగుర్లో మాటన్నదీ నువ్వే. మూడు పూటలయినయ్యి, నా పలుపు పడింది. ఆ రోజు సంతలో ఆ బర్రెగలాయన ఏడుస్తా వస్తే నువ్వేమన్నావో చెప్పు" అంది. మాలకొండయ్య ఒకసారి గుంటలోకి జూశాడు. రోలు మీద నుంచి బుడగలు పైకొస్తన్నయ్యి. కాసేపటికి ఆ బుడగలూ ఆగిపొయినయ్యి. గట్టు మీద కూలబడి నవ్వాడంట. నవ్వక ఏం జేస్తాడు? "సరేలేమ్మా, ఇల్లు నీదే. ఒక్క మాట మాత్రం దయుంచి నిలబెట్టండి, ఇక్కడ నీళ్ళు పడ్డయ్యని మా ఇంటిదానికి చేరనియ్యబాకండి" అన్నాడు. చేరకుండా ఉండుద్దా? వారం తిరక్క ముందే చేరింది. ఆయన పాట్లు ఆయనయ్యి, మనకెందుకు.

ఆ గుంట చుట్టూ రాళ్ళు పేర్చి బావి జేసుకున్నారు. రోలు పైకి తీద్దామని మోకులేసి నలుగురు లాగారు. రాలా. బురద దాన్ని పట్టేసుకుంది. ఆదెమ్మ గట్టు మీద కూర్చొని ఏడ్చిందంట, నవ్విందంట, రెండూ ఒకేసారి. ఏ రోలు కోసం ఇల్లు కావాలందో ఆ రోలిచ్చి ఇల్లు తెచ్చుకుంది మరి. అంకయ్య ఆమె పక్కన కూర్చొని, "ఇంత బేరం నేనెప్పుడూ చెయ్యలేదే" అన్నాడు మెల్లిగా. ఆ మాట ఆయన నోటెంట వొచ్చిందంటే మాటలా! సిద్ధాంతి గారు కూడా పంచె పిండుకొని బాగా ఆలోచించి చెప్పాడు, నైరుతిలో గుంట తప్పే, కానీ నైరుతిలో బరువు మంచిది, గుంటలో బరువుంది గాబట్టి దానికీ దీనికీ చెల్లిపొయ్యిందీ అని. దక్షిణ తీసుకొనే పొయ్యాడు. కొత్త రోలు కొనటానికి మాత్రం ఆదెమ్మ ఒక్కతే పొయ్యింది. మొగుణ్ణి తీసుకుపోతే మూడు పూటలు దంచి జూస్తే గానీ కొననంటాడని.

ఇప్పటికీ మంచి ఎండల్లో నీళ్ళు తగ్గితే ఆ నల్లరోలు అంచు కనపడుద్దంట. ఆదెమ్మ పొద్దున్నే తొంగి జూసి "ఏమే, ఉన్నావా" అని పలకరిస్తదంట. నేను రోలు చూశానా అంటే చూళ్ళా, అబద్ధం ఎందుకు. ఆ బావి నీళ్ళు మాత్రం తాగా. అందరూ తియ్యగుంటయ్యి అంటారు గానీ, నాకైతే కాస్త కారంగానే తగిలినయ్యమ్మా.