అంగారకుడి మీదున్నామె కోసం మొక్కు

కోస్గిలో మేకలకు తుమ్మకొమ్మలు వేసి కూర్చున్న అవ్వకు మనుమరాలు నవల చదివి వినిపిస్తోంది. కథలో అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న మహిళా వ్యోమగామికి గాలి అయిపోవస్తోంది. మనుమరాలు పేజీ తిప్పబోయింది.

“ఆగు బిడ్డా! యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కనియ్యి.”

“పుస్తకం ఎప్పుడో అచ్చయింది అవ్వా. అయ్యేది అయిపోయింది.”

“సూర్యుడు ఆరిపోయినా ఎనిమిది నిమిషాల దాక మనకు ఎరుకగాదని నువ్వే చదివితివి. గామె కబురు గూడ మనకింకా రాలే.”

మనుమరాలికి నవ్వొచ్చింది గానీ, ఆ లెక్కలో తప్పు దొరకలేదు. “సరే, మొక్కు.”

అవ్వ కళ్లు మూసి తెరిచింది. “ఇగ చదువు.”

“బతికింది అవ్వా! తోటోళ్లొచ్చి తీస్కపోయిండ్రు!”

“బతకదా మరి? తలనీలాలు మొక్కిన.”

“ఆమె గుట్టకెట్ల వస్తది?”

“రాదు గద. అందుకే నీ జడ మొక్కిన.”